పంపని మన్ను

మా ఇంట్లోకి ఇంగ్లీషు మాటలు చాలానే వచ్చాయి. బస్సు వచ్చింది, మస్టరు వచ్చింది, ఓవర్సీరు వచ్చాడు. అవన్నీ వాకిట్లో కూర్చుని మజ్జిగ తాగి పోయే చుట్టాలు. పర్మినెంటు అనే మాట మాత్రం నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. రెండేళ్లు లేవలేదు. అది లేచేసరికి మా ఇంట్లో ఒకరితో ఒకరం మాట్లాడుకునే తీరే మారిపోయింది.

అవి నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. మాది ముదిగుబ్బ దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే పల్లె. ఆరెకరాల ఎర్రనేల, జత ఎద్దులు, ఇంట్లో మా అత్త, ఆయన, నేను, నా చంకలో ఒక ఆడపిల్ల. అత్త నాకు కొత్త మనిషి కాదు, మా నాయనకు సొంత అక్క. ఆమె కొడుకునే చేసుకున్నాను, మా దిక్కున బావనూ మామా అనే అంటాం కాబట్టి చిన్నప్పుడు "మామా" అని పిలిచిన నోటితోనే పెళ్లయ్యాకా పిలిచాను. ఆ ఊళ్లో ఐదో తరగతి దాకా చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ చదువుకు ఉన్న పొగరు కూడా నాకు కాస్త ఉండేది, ఇప్పుడు దాచుకోవడమెందుకు.

వరసగా రెండేళ్లు వేసిన వేరుశెనగ విత్తనం నేలలోనే మాడిపోయింది. మూడో ఏడు ఆరుద్ర కార్తె చివర్లో నాలుగు చినుకులు రాలి ఆగిపోయాయి. ఊళ్లో మగవాళ్లు ఒకరి వెనుక ఒకరు పనుల కోసం బయటికి పోయారు. ఆయన బత్తలపల్లి అవతల రోడ్డు పనికి కుదిరాడు. కంకర కొట్టడం, గుంతలు పూడ్చడం, వర్షానికి తెగిన చోట మన్ను ఎత్తిపోయడం. మా ఊరికి ముప్పై మైళ్లు. పదిహేను రోజులకొకసారి వచ్చి ఒక పూట ఉండి పోయేవాడు.

నాలుగు నెలలు గడిచాక ఒకసారి వచ్చినప్పుడు రొట్టె తింటూ చెప్పాడు. "ఓవర్సీరు నన్ను పిలిచి మాట్లాడినాడు. ఏడాది పొడుగునా మస్టరులో నా పేరు తెగకుండా ఉంటే గ్యాంగులోకి రాస్తాడంట. పర్మినెంటంట."

అత్త ముఖం చిట్లించి అడిగింది. "అంటే ఏమిరా?"

"అంటే వాన పడినా పడకపోయినా నెల కాగానే జీతం వస్తాది. ఉండేదానికి ఇల్లు ఇస్తారు. ముసలోణ్ణి అయిపోయినా ఇంత ఇస్తారు."

అత్త కాసేపు పొయ్యిలోకి చూసింది. "వానతో పని లేని బువ్వ," అంది నెమ్మదిగా. ఆమె గొంతులో ఉన్నది ఆశో, అసహ్యమో నాకు అర్థం కాలేదు.

అయితే దానికొక తిరకాసు ఉంది. మస్టరు, అంటే హాజరు పట్టీ మీద పనిచేసే కూలీ ఒకటి రెండు రోజులు రాకపోయినా ఎవరూ పట్టించుకోరు. వరసగా మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. మళ్లీ పోతే పని ఇస్తారు గానీ, ఏడాది లెక్క మొదటి రోజు నుంచి మొదలవుతుంది. మూడు రోజులే కదా, దానిదేముంది అనుకుంటారు ఎవరైనా. మా దిక్కున అది చిన్న సంగతి కాదు. మా ఎర్రనేలలో మంచి వాన పడితే విత్తడానికి తగిన తడి మూడు నాలుగు రోజులుంటుంది. దాన్ని మేము పదును అంటాం. ఆ పదునులో విత్తనం పడితే ఏడాది తిండి, తప్పితే బీడు. ఆరెకరాలకు ఒక జత ఎద్దులతో మూడు రోజులు నిండా పడుతుంది. అంటే ఆ ఉద్యోగం అడిగేదీ, మా చేను అడిగేదీ ఒకే మూడు రోజులు.

ఈ సంగతి ఎవరు ఎన్నిసార్లు తూచినా తక్కెడ ఒక పక్కకు మొగ్గలేదు. గ్యాంగులో ఉన్న ఒక పెద్దమనిషి కథ ఆయన చెప్పాడు. "ఆయప్ప ఎద్దుల్నీ మడకనూ ఇడిసి పన్నెండేండ్లంట. వాన పడితే ఆయప్ప చేనుకు పోడు, రోడ్డు యాడ తెగిందో చూసేదానికి మైళ్లకు మైళ్లు నడస్తాడు. పర్మినెంటోళ్లకు వాన నాడే పని. మస్టరోనికి ఆ బాధ లేదు, పోతా అంటే ఆపేవాడు లేడు."

అత్త తన మాట తాను అనేసింది. "భూమి పర్మినెంటేరా. వానే మస్టరు కూలి. బుద్ధి పుడితే వస్తాది, లేకుంటే లేదు."

నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే నిజం చెప్పేదాన్నో లేదో. అంతకు ముందు నెల ఆయనకు రొట్టెలు, ఊరగాయ ఇచ్చి రావడానికి బస్సెక్కి పోయినప్పుడు, రోడ్డు బంగళా వెనుక గ్యాంగువాళ్ల ఇళ్లు చూశాను. రెండేసి గదులు, పైన పెంకు. వాటి వెనుక ఆ ఇళ్లవాళ్లకు మాత్రమే ఒక గిలక బావి. ఒకామె నిండు బిందె తోడి తన పిల్ల నెత్తిన ఒక్కసారిగా కుమ్మరించింది. ఆ నీళ్లన్నీ అలా పారి మొక్కల్లోకి పోయాయి. నేను మా ఊళ్లో ఏటి ఇసుకలో చెలమ తోడుకుని, అది ఊరేదాకా చిప్పతో ముంచుకుంటూ కూర్చునేదాన్ని. ఆ బావి మీద నాకు పుట్టిన ఆశ అంతా ఇంతా కాదు. ఆ ఇల్లు నాకు కావాలనిపించింది. ఆయన రోజూ సాయంత్రం తిరిగి వచ్చే ఇల్లు.

ఇక మన్ను పంపే సంగతి చెప్పాలి. మా దిక్కు వానకు న్యాయం లేదు. ఎద్దు ఒక కొమ్ము తడుస్తుంది, ఇంకో కొమ్ము తడవదు. బయట పనులకు పోయిన మగవాళ్లకు తమ ఊళ్లో పడిందో లేదో, పడితే ఎంత పడిందో తెలిసే దారి లేదు. జాబు రాస్తే అది చేరేసరికి పదును ఆరిపోతుంది. అందుకని ఇంట్లో ఆడవాళ్లు చేలో జానెడు లోతు తవ్వి, ఆ అడుగు మన్ను పిడికెడు తీసి, గుడ్డలో మూటగట్టి బస్సు డ్రైవరుకు ఇచ్చేవాళ్లు. ఆ మగమనిషి మూట విప్పి, మన్ను పిడికిట్లో పట్టి వదులుతాడు. ముద్దగా నిలిస్తే ఇంకా ఒక రోజు ఆగాలి, పొడిగా రాలితే వచ్చి లాభం లేదు, ముద్దయి, వేలితో తాకితే విరిగితే అప్పుడే బస్సెక్కాలి. నోటితో చెప్పే మాటను ఎవరూ నమ్మరు. ఆశకు పోయి ఆడవాళ్లు ఎక్కువ చెబుతారని మగవాళ్ల నమ్మకం. మన్ను ఎక్కువ తక్కువ చెప్పదు.

ఆ బస్సు డ్రైవరు మా ఊరి సాయిబుల ఇంటి పిల్లను చేసుకున్నాడు. అందుకని ఊరు ఊరంతా అతన్ని అల్లుడు అనే పిలిచేది. వానల రోజుల్లో అతని సీటు పక్కన ఐదారు మూటలుండేవి, ఏ గుడ్డ ఎవరిదో అతనికి కంఠతా వచ్చు. "పండగకు మీ ఊరోళ్లు అల్లునికి మిఠాయి పెట్టరు గానీ, వాన పడితే మన్ను మాత్రం పెడతారు," అని నవ్వేవాడు.

మరుసటి ఏడు ఆరుద్రలో పడింది వాన. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా కురిసింది. పిల్లను అత్త చేతికిచ్చి చేలోకి పరిగెత్తాను. మోకాళ్ల మీద కూర్చుని తవ్వితే జానెడు కాదు, మోచేతి దాకా తడి. మూడేళ్ల తర్వాత ఆ వాసన. ఏడుపు వచ్చింది నాకు.

అప్పటికి ఆయన ఏడాది పూర్తి కావడానికి పదకొండు రోజులుంది. ఆ పదకొండు నాకు బాగా తెలుసు, ఇంట్లో రోజులు లెక్క పెట్టేదాన్ని నేనే. అయినా మూట కట్టాను. పాత రవిక చించి అందులో మన్ను పెట్టి, తెల్లారి బస్సుకు ఇచ్చాను. ఆయన్ను రమ్మని పంపలేదు, ఊరికే వాసన చూస్తాడని పంపాను అని తర్వాత చాలామందికి చెప్పాను. చెప్పగా చెప్పగా నేనూ కొంత నమ్మాను. అది అబద్ధం. రావాలనే పంపాను. చేను కోసం కొంత, ఆయన కోసం ఎక్కువ.

ఆ సాయంత్రమే వచ్చేశాడు. "రెండు దినాలు ఉంటా, రెండో దినం సాయంత్రం బస్సుకు పోతా," అన్నాడు చెప్పులు విడవకముందే. "నాలుగెకరాలు అయితే చాలు."

ఆ రెండు రోజులు నా బతుకులో వేరే రోజుల్లాంటివి కావు. ఆయన మడక పట్టి ముందు పోతున్నాడు, ఆ సాలులో నేను వెనుక గింజ వెంట గింజ వేసుకుంటూ పోతున్నాను. కాలి కింద మన్ను చల్లగా ఉంది. ఎద్దులతో ఆయన మాట్లాడే మాటలు విని ఏడాదయింది. నాతో మాట్లాడిన దానికంటే వాటితోనే ఎక్కువ మాట్లాడేవాడు, దానికి నేను ఉడుక్కునేదాన్ని కూడా. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిన్నాం. పిల్ల ఆయన భుజం మీద మన్ను చేతులు వేసి పడుకుంది. ఎండిపోయిన మనిషి ముఖంలోకి రక్తం తిరిగి వచ్చినట్టు ఉన్నాడు.

రెండో రోజు సాయంత్రం కాళ్లు కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు. అన్నట్టే నాలుగెకరాలు అయింది. మిగిలిన రెండెకరాలు ఎర్రగా, మెత్తగా, ఎవరో పరిచిపెట్టినట్టు ఉన్నాయి.

"ఇంగొక దినం ఉండు మామా," అన్నాను. "ఆ రెండెకరాలూ బీడు పెట్టుకుంటామా?"

"మూడో దినమైతే పేరు కొట్టేస్తారు మే."

"నీ ఒక్కని పేరే కొట్టేస్తారా? వాన అందరికీ పడింది గదా, అందరూ చేన్లకు పోయింటారు. అందరి పేర్లూ కొట్టేస్తే రోడ్డు ఎవరు ఏస్తారు?"

ఐదో తరగతి చదివిన తెలివి అది. ఆయన రోడ్డు వైపు చూశాడు, చేను వైపు చూశాడు, నా వైపు చూశాడు. చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు.

మూడో రోజు ఆ రెండెకరాలూ విత్తాం. నాలుగో రోజు పొద్దున పోయాడు. అటు వాన పడలేదు. చినుకు కూడా పడలేదు. అందరూ పనిలోనే ఉన్నారు. ఆయన ఒక్కడి పేరే కొట్టేసి ఉంది. ఎద్దు కొమ్ము సంగతి పుట్టినప్పటి నుంచి వింటున్నదాన్ని, ఆ ఒక్క సాయంత్రం దాన్ని మరిచిపోయాను. ఆయనతో పాటు చేరినవాళ్లలో ముగ్గురిని ఆ నెలలోనే గ్యాంగులోకి రాశారు. ఆయనకు ఓవర్సీరు ఒక్క మాటే చెప్పాడట, మొదటి నుంచి రా అని.

ఆ సంగతి మాకు చెప్పడానికి వచ్చినప్పుడు అత్త అడిగింది, మూడో రోజు ఎందుకుంటివిరా అని. "నాకే పోబుద్ధి కాలేదమ్మా," అన్నాడు. నేను పక్కనే పిల్లకు తల దువ్వుతున్నాను. నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అని తేలిక పడేదాన్ని. ఆ పంట బాగానే పండింది. కాయ ఒలుస్తూ అత్త సంతోషపడింది. నేను ఒలిచిన ప్రతి కాయలో ఆ గిలక బావి కనబడేది నాకు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు ఆయన. ఈసారి పదిహేను రోజులకు కూడా రాలేదు, నెలకొకసారి వచ్చేవాడు. వచ్చినప్పుడు చేలోకి పోయి ఊరికే ఆ గట్టు నుంచి ఈ గట్టుకు నడిచి వచ్చేవాడు. నల్లబడ్డాడు, మాటలు తగ్గాయి. ఒకరోజు పిల్ల ఆయన్ను చూసి నా కొంగు వెనక్కి పోయింది. ఆ రోజు నేను గట్టిగా అనుకున్నాను, ఇక ఈ మనిషికి ఏ వానా అడ్డు రాకుండా చూస్తానని.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు. రెండో ఏడూ ఆరుద్రలోనే వచ్చింది, ముందటేడు కంటే మంచి వాన. ఆయన ఏడాదికి ఇంకా వారం రోజులుంది.

ఈసారి మన్ను తవ్వింది అత్త. తన చేత్తోనే మూట కట్టి నా చేతిలో పెట్టింది. "బస్సుకు ఇచ్చిరాపో. రెండు దినాలుండి పోతాడు, ఏం కాదు. నాలుగెకరాలైనా చాలు."

రెండు రోజులు. నేను ఆ మూట పట్టుకుని రోడ్డుదాకా నడిచినంత సేపూ ఆ రెండు రోజుల గురించే ఆలోచించాను. ఆయన వస్తాడు, మడక పడతాడు, ఎద్దులతో మాట్లాడతాడు. రెండో రోజు సాయంత్రం చొక్కా తొడుక్కుంటాడు. అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటానా? నా మీద నాకు నమ్మకం లేదు. ఇంకొక దినం ఉండు అని ఖచ్చితంగా అంటాను. ఆయన ఖచ్చితంగా ఉంటాడు. బస్సు రాకముందే ముడి విప్పి మన్ను రోడ్డు పక్కన పారబోశాను.

బస్సు ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి చెయ్యి చాచాడు. "ఏమ్మా, మీ ఆయనకు మన్ను లేదా ఈసారి?"

"మా చేలో పడలేదన్నా," అన్నాను.

అతను నా కాళ్ల వైపు చూశాడు. మడమల పైదాకా ఎర్ర బురద. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని గేరు వేశాడు. బస్సు పోయింది.

ఇంటికి వచ్చి, ఇచ్చి వచ్చానని అత్తకు చెప్పాను. ఆమె ఆ సాయంత్రం బస్సుకు ఎదురుచూసింది. ఎద్దులకు కుడితి పెట్టి, విత్తనాల బుట్ట వాకిట్లోకి తెచ్చిపెట్టింది. మరుసటి రోజూ చూసింది. మగతోడు కోసం ఊళ్లో ఎవరినీ అడగలేము, పదును నాడు సొంత అన్నదమ్ములు కూడా మడక ఇవ్వరు, చెయ్యి ఇవ్వరు. మూడో రోజు తెల్లారి నాకు ఉండబట్టలేదు. నేనే ఎద్దులను కట్టి చేలోకి తోలుకుపోయాను. ఆడది మడక పడితే వాన ముఖం తిప్పుకుంటుందని మా ఊరి నమ్మకం. రెండు సాళ్లు దున్నానో లేదో, అవి పాము పోయినట్టు వంకరలు పోయాయి. అత్త పరిగెత్తుకు వచ్చి మేడి మీది నుంచి నా చెయ్యి లాగేసింది. "నా కొడుకు బతికే ఉండాడు, నీకెందుకే ఈ కర్మ," అంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

నాలుగో రోజు గాలి తిరిగింది. ఐదో రోజు మన్ను పిడికిట్లో పట్టి చూస్తే పొడిగా రాలింది. చుట్టూ ఊరందరి చేలూ విత్తినవే. మధ్యలో మా ఆరెకరాలు. అత్త విత్తనాల బుట్ట లోపల పెట్టి తలుపు వేసింది. "సర్కారోడైపోయినాడు వాడు," అంది. "మన్ను చూసి కూడా రాలేదు. వాని తండ్రి జరంతో పడుండి కూడా పదునుకు లేచినోడు." ఆమె ఏడవలేదు. ఆ తర్వాత కొడుకు పేరెత్తలేదు.

శ్రావణం పోయాక వచ్చాడు ఆయన, జేబులో మడిచిన కాగితంతో. రోడ్డు దిగి నడిచి వస్తుంటే దారి పొడుగునా పచ్చగా మొలిచిన చేలు, పూత పట్టినవి. మా గట్టు దగ్గర ఆగిపోయాడు. నేను వాకిట్లోంచి చూస్తున్నాను. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఎండిపోయిన ఆ రెండు వంకర సాళ్లు కూడా చూసే ఉంటాడు.

ఇంట్లోకి వచ్చి కాగితం అత్త ముందు పెట్టాడు. "పర్మినెంటు అయినానమ్మా."

అత్త దాన్ని తాకలేదు. "మన్ను పంపితి గదరా. ముట్టలేదా?"

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఒక్క క్షణం కంటే ఎక్కువ కాదు. తర్వాత అత్త వైపు తిరిగాడు.

"ముట్టిందమ్మా. పనుండె. రాలేకపోతి."

అత్త లేచి దొడ్లోకి పోయింది. ఆ తర్వాత ఆమె ఆయనతో నేరుగా మాట్లాడింది లేదు. ఏదైనా ఉంటే "వానికి చెప్పు" అని నాకు చెప్పేది, ఆయన పక్కనే కూర్చుని వింటున్నా సరే.

ఆయన పర్మినెంటు అయ్యాడు, మా చేను గుత్తకు పోయింది. ఎద్దులను ఊళ్లోనే ఇచ్చేశాం. శింగనమల దిక్కున వేశారు ఆయన్ను, అత్తతో సహా అందరం అక్కడికి పోయాం. అక్కడి చెరువు మొదటిసారి చూసినప్పుడు, ఇన్ని నీళ్లు ఒకచోట ఉంటే జనం ఎలా నిద్రపోతారో అనిపించింది నాకు. గ్యాంగువాళ్ల ఇంట్లో రెండు గదులు, వెనుక గిలక బావి. మొదటి రోజు పిల్లను కూర్చోబెట్టి నిండు బిందె నెత్తిన కుమ్మరించాను. పిల్ల కేరింతలు కొట్టింది. నాకు మాత్రం నేను అనుకున్నంత సంతోషం రాలేదు. నెల కాగానే జీతం వచ్చింది. కొర్రన్నం పోయి వరన్నం వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఆయన ఇంటికి వచ్చేవాడు. వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చునేవాడు. మాట్లాడటానికి ఎద్దులు లేవు. నాతో మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు.

వాన పడితే మాత్రం ఇంట్లో ఉండేవాడు కాదు. గోనెపట్ట నెత్తిన కప్పుకుని, తన మైళ్లలో రోడ్డు ఎక్కడ తెగిందో చూడటానికి పోయేవాడు. అత్త గోడకు ఆనుకుని ఆ వానను చూస్తూ, మన ఊళ్లో పడిందో లేదో అనేది. ఎవరితోనూ అన్నట్టు కాదు.

అక్కడికి పోయిన మూడో ఏడు ఆమె మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నేను కాళ్లు పిసుకుతుంటే అంది, "వాడు ఆ పొద్దు వచ్చింటే నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. మన్ను చూసి కూడా రాలేదు సూడు." నా చేతులు ఆమె కాళ్ల మీదే ఉన్నాయి. అత్తా, అది నేను పారబోసినా అనే మాట గొంతు దాకా వచ్చింది. ఆమె కోపం కొడుకు మీద నుంచి నా మీదికి మళ్లితే నేను తట్టుకోలేననుకున్నాను. అంతే, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. పిరికిదాన్ని. వారం తర్వాత ఆమె పోయింది. ఆఖరి రోజు కూడా ఆయన నీళ్లు పోసి తెస్తే, నేను అందుకుని నా చేత్తో తాగిస్తేనే తాగింది.

దినాలు అయిపోయాక ఒకరోజు వాన కురిసింది. ఆయన రోడ్డు చూసి తడిసి వచ్చి, తువాలుతో తల తుడుచుకుంటున్నాడు. పిల్ల బడికి పోయింది. ఇంట్లో ఇద్దరమే.

"మామా," అన్నాను, "అత్తకు చెప్పలేకపోతిని. నీకైనా చెప్తా. ఆ మన్ను నేనే పారబోసినా."

"తెలుసు," అన్నాడు. తుడుచుకోవడం ఆపలేదు. "అమ్మ కట్టింది, నాకు అందలేదు. మధ్యలో ఉండేది నువ్వే గదా."

"మరి ముట్టిందని ఎందుకు చెప్తివి? ఇన్నాళ్లు ఆమెతో మాట పడితివి."

"నువ్వు ఆమెతో ఒగే ఇంట్లో ఉండల్ల. నేను రోడ్డు మీద ఉండేవాణ్ణి."

నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను. ఆయనే మళ్లీ అన్నాడు. "వాన పడిందని నాకు ఆ పొద్దే తెలుసు. బస్సు అల్లుడు చెప్పినాడు. మూడు దినాలు బస్సు వచ్చే టయానికి రోడ్డు మీదికి పోయి నిలబడినా."

"తెలిసి కూడా ఎందుకు రాలేదు?"

"నువ్వు పిలవలేదు గదా."

"పిలిచింటే ఈ ఉద్యోగం వచ్చేది కాదు మామా."

"వచ్చేది కాదు."

"మరి?"

తువాలు భుజం మీద వేసుకుని ఆయన బయటి వానను చూశాడు. "అంత లెక్క నాకు తెల్దు మే. పిలిస్తే బాగుండు అనుకుంటి. అంతే."

ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా అదే పని చేశాడు. మంచి పని, దాని మీదే మేము బతికాం, పిల్ల పెళ్లీ దాని మీదే అయింది. వాన పడిన ప్రతిసారీ గోనెపట్ట కప్పుకుని బయలుదేరేవాడు, నేను గడపలో నిలబడి చూసేదాన్ని. ఒక్కసారైనా, ఈ పొద్దు పోవద్దు మామా, ఇంట్లో ఉండు అని అనాల్సింది. ఆయన ఉండేవాడేమో. సర్కారు పనికి పోయే మనిషిని అలా వెనక్కి పిలవకూడదని ఊరుకున్నాను. ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. వాన మొదలైతే "మామా, రా" అని నోటి దాకా వస్తుంది. ఇంట్లోవాళ్లు వింటారని ఊరుకుంటాను.